కొయ్యశిల్పి బ్రాంకూషి

నెల్లూరు నుండి ఆత్మకూరు మీదుగా పడమటికి సాగిపోవు బాటసారికి ఉదయగిరి దుర్గము చాల దూరమునుండియే కనబడును. శ్రీకృష్ణదేవరాయలు 1514లో ఈ దుర్గమును గజపతుల నుండి గెలుచుకొన్న సంగతి మీరు చరిత్రలో చదివియే యుందురు. కోట శిథిలమైనది గాని, కొండ క్రింది ఊరిలో ఒక పని మాత్రము ఆగలేదు. అచ్చటి కొన్ని కుటుంబములవారు నర్ది, బిక్కి మొదలగు అడవి కర్రలను తెచ్చి, రంపముతో కోసి, ఉలితో చెక్కి, ఆకురాయితో రుద్ది, గరిటెలను, చెంచాలను, ముళ్ల చెంచాలను చేయుదురు. ఉదయగిరి కొయ్య చెంచాలకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అట్టి చెంచాను మొదటిసారి చేతిలోనికి తీసికొన్నవాడు, ఇది వంటసామానా, శిల్పమా యని క్షణకాలము తడబడును. ఇది వట్టి వేడుక ప్రశ్న యని మీకు తోచవచ్చును. కాని ఈ ప్రశ్నయే ఒకప్పుడు అమెరికాలో న్యాయస్థానమున కెక్కినది. ఆ వ్యాజ్యెము నడపిన శిల్పి కూడ కొయ్యగరిటెలు చెక్కుకొను పల్లెలలో పుట్టినవాడే. అతని పేరు కాన్‌స్టాంటిన్ బ్రాంకూషి.

ఐరోపా ఖండమునకు ఆగ్నేయదిశయందు రుమేనియా యను దేశము కలదు. ఆ దేశములో కార్పాతియన్ పర్వతముల పాదభాగమున హోబీత్స యను చిన్న పల్లెలో 1876వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన బ్రాంకూషి జన్మించెను. తల్లిదండ్రులు బీదరైతులు. ఆ ప్రాంతమున అడవులు మెండు. అందుచేత ఇండ్లు కొయ్యవి, దడులు కొయ్యవి, గొడ్లశాలలు కొయ్యవి. మన పాత ఇండ్ల అరుగులపై చెక్కుడు స్తంభము లున్నట్లే అచ్చటి వసారాలకును స్తంభములుండును. వాటిపై రంపపు పండ్లవలె వంకర టింకరగా కోతలు పెట్టుట అచ్చటి వడ్రంగుల అలవాటు. పెద్ద ద్వారములపైనను, గరిటెల పిడులపైనను పువ్వులు, సూర్యబింబములు చెక్కుదురు. చలికాలమున పనులులేని వేళలలో ప్రతి కాపువాని చేతిలోను కత్తియు, కర్రముక్కయు నుండెడివి. ఆ బాలుడు అక్షరములకంటె ముందు ఈ చెక్కడపు గీతలనే చదివెను.

అతని బాల్యము సుఖముగా గడువలేదు. ఏడవయేట నుండి గొఱ్ఱెల వెంట కొండలలో తిరిగెను. తండ్రియు, పెద్దయన్నలును అతనిని కఠినముగా చూచుచుండిరి. అతడు పలుమారులు ఇల్లు విడిచి పారిపోయి, మరల తిరిగి వచ్చుచుండెను. తొమ్మిదవయేట సమీప పట్టణమున కూలికి కుదిరెను. పదునొకండవయేట ఒక కిరాణా వర్తకుని యొద్ద చేరెను. తరువాత క్రయోవా యను నగరములో ఒక భోజనశాలలో పనివాడై, గిన్నెలు తోముచు, అతిథులకు వడ్డించుచు కొన్ని సంవత్సరములు గడపెను. బడి చదువు అతనికి దాదాపు లేనట్లే.

అచ్చటనే అతని బ్రతుకు మలుపు తిరిగినది. పదునెనిమిదేండ్ల ప్రాయమున అతడు తన పనిచోట దొరకిన సామగ్రితోనే ఒక వయొలిన్ వాద్యమును చేసెను. సరకులు దిగిన పండ్ల పెట్టెలను విప్పి, ఆ పలకలతో దానిని చేసెనని చెప్పుదురు. వయొలిన్ చేయుట పెట్టె చేయుటవంటిది కాదు. పలక మందము ఒకచోట వెండ్రుకవాసి హెచ్చినను నాదము మూగవోవును. పారవేసిన పలకలలో నుండి పలుకునట్టి వాద్యము పుట్టుట చూచి, ఆ ఊరి ధనికుడొకడు ఆశ్చర్యపడి, ఆ పనివానిని క్రయోవాలోని కళావృత్తుల పాఠశాలలో చేర్పించెను. అక్షరములు సరిగ రాని బ్రాంకూషి తనంతట తానే చదువను వ్రాయను నేర్చుకొనవలసి వచ్చెను. వడ్రంగ విభాగములో చెక్కుడు పెట్టెలు, పటముల చట్రములు చేయుచు అతడు 1898లో ప్రశంసలతో పట్టము పొందెను.

పిమ్మట రాజధానియైన బుకారెస్ట్‌లోని లలితకళాశాలలో నాలుగేండ్లు చదివెను. అచ్చట డిమిట్రీ గెరోటా యను వైద్యాచార్యుని సాయముతో చర్మము ఒలిచిన మానవదేహపు ప్రతిమ నొకదానిని రూపొందించెను. ఏ కండరము ఎచ్చట మొదలై ఎచ్చట ముగియునో అందు స్పష్టముగా కనబడును. వైద్యవిద్యార్థులు దాని ప్రతులను చూచి దేహనిర్మాణమును నేర్చుకొనిరి. ఈ సంగతిని గుర్తుంచుకొనుడు. తరువాతి కాలమున బ్రాంకూషి చేసిన నున్నని బొమ్మలను చూచి, ఇతనికి మనుష్యుని పోలిక చెక్కుట రాదని పరిహసించినవారు పెక్కుమంది. కండరమును నరమునుగూడ తప్పక చూపగలవాడే వాటిని కావలెనని విడిచిపెట్టెను.

ఆ రోజులలో శిల్పవిద్యకు పారిస్ నగరమే కాశీ. బ్రాంకూషి 1903లో స్వదేశము విడిచి, మ్యూనిక్ నగరమున కొంతకాలముండి, అచ్చటినుండి దారిలో చాల భాగము కాలినడకనే సాగి, 1904 వేసవిలో పారిస్ చేరెను. చేతిలో ధనము లేదు. ఒక భోజనశాలలో గిన్నెలు కడిగెను. ఆదివారములందు రుమేనియా వారి దేవాలయములో కీర్తనలు పాడెను. 1905లో అచ్చటి కళాశాలలో ప్రవేశించెను. 1907 ఆరంభమున రొడాన్ మహాశిల్పి యొక్క శిల్పశాలలో సహాయకుడుగా చేరెను. ఆనాడు ప్రపంచములో రొడాన్‌ను మించిన శిల్పి లేడు. ఏ యువకుడైనను అట్టి చోటు దొరకిన చాలునని పొంగిపోవును. బ్రాంకూషి మాత్రము రెండు నెలలైనను నిండకముందే అచ్చటినుండి బయటపడెను. అంత పెద్ద మర్రి నీడలో తన మొక్క ఎదుగదని అతడు గ్రహించెను.

ఇందుకు వేరొక కారణము కూడ కలదు. ఆ కాలపు ప్రసిద్ధశిల్పులు స్వయముగా రాయి చెక్కుట అరుదు. వారు మెత్తని మట్టితో నమూనా చేయుదురు. కూలికి వచ్చిన పనివాండ్రు దానిని కొలతలు పట్టి రాతిలోనికి ఎక్కింతురు. బ్రాంకూషికి ఈ పద్ధతి రుచింపలేదు. గరిటె చేయువాడు మట్టితో ముందొక గరిటె చేయునా? కర్ర చేతబట్టి, దాని రేఖ ఏ వైపునకు పోవుచున్నదో చూచి, దానికి లోబడియు దానిని లోబరచుకొనియు చెక్కును. ఆ పల్లెటూరి పద్ధతినే బ్రాంకూషి మహానగరములో చేపట్టెను. 1907–08లో ఒకే రాతిముక్కలో, ఒకరినొకరు కౌగిలించుకొన్న స్త్రీపురుషులను నేరుగా ఉలితో చెక్కెను. ముద్దు అను పేరుగల ఆ శిల్పములో రాయి యొక్క చతురస్రాకృతి చెడలేదు. ఇరువురును ఒకే దిమ్మగా మిగిలిరి.

1913–14 ప్రాంతమున అతడు కొయ్యవైపు మరలెను. నా అభిప్రాయములో అతని జీవితమున మిక్కిలి రసవంతమైన భాగము ఇదియే. మొదట చేసినది తప్పటడుగు వేయుచున్న ఒక శిశువు బొమ్మ. దాని పేరు మొదటి అడుగు. 1914లో న్యూయార్క్ నగరమున జరిగిన అతని ప్రదర్శనలో దానిని ఉంచిరి. తిరిగివచ్చిన తరువాత అది అతనికి తృప్తి కలిగింపలేదు. తలను మాత్రము ఉంచుకొని, తక్కిన దేహమును తన చేతులతోనే నాశనము చేసెను. ఆ తల తరువాత అండాకారముగల వేరొక శిల్పమునకు మూలమైనది. తన పనిని తానే త్రుంచుకొనుట కెంత గుండె దిట్టము కావలెనో మీరే యోచింపుడు. ఇట్లు అతడు తుడిచివేసిన కొయ్యబొమ్మలు మరికొన్ని కూడ కలవు.

ఈ కొయ్య ఎచ్చటిది? పారిస్‌లో పాత భవనములను పడగొట్టి క్రొత్తవి కట్టుచున్న రోజులవి. పడగొట్టిన ఇండ్ల ఓకు దూలములను బ్రాంకూషి కొనితెచ్చుకొనుచుండెను. మన పల్లెలలో కూడ పాత మిద్దె విప్పినపుడు ఎరిగిన వడ్రంగి ముందుగా దూలముల యొద్దకే పోవును. పిడికిలితో తట్టి, శబ్దము విని, బేరమాడును. పచ్చికర్ర ఆరినకొలది కుదించుకొని వంకరపోవును. నూరేండ్లు పైకప్పు మోసిన దూలము ఇక వంగవలసినంత వంగి, పగులవలసినంత పగిలి, కుదురుకొని యుండును. దాని చీలికలు కూడ దాని వయస్సులో భాగమే. బ్రాంకూషి వాటిని పూడ్చి దాచలేదు. గొడ్డలి దెబ్బలను, రంపపు గీతలను కూడ పెక్కుచోట్ల అట్లే విడిచెను. లోహమును అద్దమువలె మెరయువరకు రుద్దెడి మనిషి, కొయ్యను మాత్రము గరుకుగా ఉండనిచ్చెను.

1914–15లో ఓకు కర్రతో తప్పిపోయిన కుమారుడు అను చిన్న శిల్పమును చెక్కెను. ఇల్లు విడిచిపోయి, చితికి, తిరిగి తండ్రిపాదముల చెంతకు వచ్చిన కుమారుని కథ క్రైస్తవ గ్రంథమున కలదు. ఆ శిల్పములో ముఖము లేదు, చేతులు లేవు. కోణములుగా తెగి, వంగి, మోకరిల్లినట్లున్న ఒక కొయ్యదిమ్మ మాత్రమే కనబడును. పలుమారులు ఇల్లు విడిచి పారిపోయిన బాలుడు ఈ కథనే ఎన్నుకొనుట యాదృచ్ఛికము కాదేమో! ఆ సంవత్సరములలోనే పాత ఓకు కర్రతో ఒక ద్వారబంధమును, ఒక బల్లను కూడ చేసెను. ఆ ద్వారబంధము ఏ ఇంటికిని చెందదు. అయినను దాని క్రింద నిలిచినవానికి ఏదో గడప దాటినట్లుండును.

ఈ కొయ్యపనులకు ప్రేరణ ఎచ్చటిదని పండితులు చాల కాలము వాదించిరి. ఆఫ్రికా ఖండపు కొయ్యవిగ్రహములు ఆ రోజులలో పారిస్ కళాకారుల కండ్లు తెరిపించుచుండెను. బ్రాంకూషి వాటిని చూచినమాట నిజమే. కాని ఆ రంపపు పండ్ల కోతలు, ఆ మరలు తిరిగిన స్తంభములు హోబీత్స పల్లెలోని వసారాలలోను, ద్రాక్షగానుగలలోను ముందునుండియే ఉన్నవి. రెండును కలిసి యుండవచ్చును. పొరుగువాని పెరటిలోని పువ్వును చూచిన తరువాతనే మన పెరటిలోని పువ్వు మనకు కనబడుట లోకములో కలదు గదా!

1917లో అతడు కొయ్యతో ఒక గిన్నెను చెక్కెను. వెలుపలి రూపమంతయు గిన్నెదే. పిడి కూడ కలదు. కాని లోపల తొలువలేదు. అది నిండుగా ఉన్న కొయ్యముద్ద. అందు నీరు పోయుటకు వీలులేదు. వాడుకకు పనికిరాని గిన్నె యేమి గిన్నె యని అడుగువారు అప్పుడును ఉండిరి. వాడుకను తీసివేసినచో గిన్నెలో మిగులునదేమి యని తెలిసికొనుటకే అతడట్లు చేసెనని నేననుకొందును. గిన్నె యొక్క కుదురు, పొట్ట, చేతికి పిలుపువంటి ఆ పిడి — ఇవి మిగిలినవి.

ఆ సంవత్సరమే అతడు మరియొక సాహసము చేసెను. సన్నని కాళ్లపై నిలిచిన ఒక బాలిక కొయ్యబొమ్మను, పైన చెప్పిన గిన్నెను, పండ్లుపండ్లుగా కోసిన ఒక స్తంభమును తన పనిశాలలో ఒకచోట చేర్చి నిలిపెను. ఈ మూడును వేర్వేరు శిల్పములు కావని, కలిసి ఒకే శిల్పమని భావించి, లోకములో శిశువు అని దానికి పేరిడెను. అది కదిలించుటకు వీలైన కూర్పు. ఛాయాచిత్రము తీసి, న్యూయార్క్‌లో తన శిల్పములను కొనుచుండిన జాన్ క్విన్ అను న్యాయవాదికి పంపెను. శిల్పమనగా పీఠముపై నిలిపిన ఒక వస్తువే యని ఎల్లరు నమ్మిన కాలములో, వస్తువునకును వస్తువునకును నడుమనున్న చోటు కూడ శిల్పములో భాగమే యని చూపుట చిన్న సంగతి కాదు. ఈనాడు ఒక గది యంతయు నింపి కళాకారులు నిలుపు కూర్పులకు ఇది పూర్వరూపము. తరువాత ఆ వస్తువులు విడిపోయి వేర్వేరు ప్రదర్శనశాలలకు చేరినవి. కూర్పు మాత్రము ఛాయాచిత్రములో మిగిలినది.

స్తంభము కథ ఇంకను విచిత్రమైనది. శిల్పములను నిలుపుటకు అతడు పాత దూలములతో పీఠములు చెక్కుచుండెను. ఒక పీఠములోని రూపమును పైకి పైకి మరల మరల పేర్చినచో ఎట్లుండునని తోచినది. 1918లో రెండు మీటరుల ఎత్తుగల ఓకు స్తంభమును చెక్కెను. అది దేనిని మోయదు. పీఠమే శిల్పమైనది. దానికి అంతులేని స్తంభమని పేరు. 1920లో ఎడ్వర్డ్ స్టైకెన్ అను ఛాయాచిత్రకారుని తోటలో, పారిస్ సమీపమున, పాప్లర్ చెట్టు మ్రానుతో ఏడు మీటరులకు పైబడిన స్తంభమును చెక్కి నిలిపెను. 1927లో స్టైకెన్ ఆ ఇల్లు విడిచిపోవుటచేత దానిని కోసి దింపవలసి వచ్చెను.

ఇక అతని పనిశాలను గూర్చి చెప్పవలెను. 1916 నుండి పారిస్‌లోని ఒక సందులో అతడు నివసించెను. పొయ్యి తానే కట్టుకొనెను. దూలపు ముక్కలను చెక్కి పీటలుగా చేసికొనెను. తెల్లని గడ్డము, తెల్లని బట్టలు, కాళ్లకు కొయ్యచెప్పులు, వెంట ఒక తెల్లని కుక్క — ఇది అతని వేషము. వచ్చిన అతిథులకు స్వయముగా వండి వడ్డించుచుండెను. మన సంకటివంటి మొక్కజొన్న ముద్ద అతని స్వదేశపు వంట. ఆ గదిలో కూర్చుండు పీట యేదో, శిల్పము యేదో గుర్తించుట అతిథులకు కష్టముగ నుండెడిది. అతనికి మాత్రము ఆ భేదము పట్టింపు లేదు. ఒకే రంపము, ఒకే బాడిస, ఒకే చేయి.

అతనికి పట్టింపు లేని ఆ భేదమును ప్రభుత్వము పట్టించుకొనెను. 1926లో అతని శిల్పములు ఒక ప్రదర్శనకై ఓడపై న్యూయార్క్ చేరెను. వాటి వెంట వెళ్లినవాడు అతని మిత్రుడైన మార్సెల్ డ్యూషాన్. వాటిలో స్టైకెన్ కొనిన అంతరిక్షమున పక్షి యను కంచు శిల్పము కలదు. దానికి రెక్కలు లేవు, ముక్కు లేదు, ఈకలు లేవు. సన్నగా, పొడవుగా, పైకి లేచి మెరయుచున్న ఒక రేఖ. ఆ దేశమున కళాఖండములకు సుంకము లేదు. కాని రేవులోని అధికారులు దీనిని కళయని ఒప్పుకొనలేదు. వంటింటి పాత్రలు, వైద్యశాల సామగ్రి అను పట్టికలో దానిని చేర్చి, విలువలో నూటికి 40 వంతున సుంకము విధించిరి.

ధనమే సమస్య యైనచో ఆ పన్ను కట్టి ఊరకుండవచ్చును. అది కట్టినచో, తాను జీవితమంతయు చేసినది పాత్రల వ్యాపారమని ఒప్పుకొన్నట్లగును. పైగా ముందు ముందు ఇట్టి శిల్పులందరకును అదే గతి పట్టును. అందుచేత మిత్రుల సాయముతో అతడు అమెరికా ప్రభుత్వముపై వ్యాజ్యెము వేసెను. 1927లో విచారణ మొదలైనది. దీనిని పక్షి యని ఎట్లు గుర్తింతువని, అడవిలో కనబడినచో తుపాకితో కొట్టుదువా యని సాక్షులను ప్రశ్నించిరి. స్టైకెన్, జేకబ్ ఎప్‌స్టైన్ అను శిల్పి మొదలగువారు బ్రాంకూషి పక్షమున సాక్ష్యమిచ్చిరి. అంతకుముందు 1916లో వచ్చిన ఒక తీర్పు ప్రకారము, ప్రకృతిలోని వస్తువును ఉన్నదున్నట్లు అనుకరించినదే శిల్పము. 1928 నవంబరు 26వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పినది. పక్షితో దీనికి పోలిక కనబడుట కష్టమే యైనను, భావమును రూపించు నూతన కళాపద్ధతి యొకటి లోకమున వెలసినదని, ఇది కంటికి ఇంపైనదని, శిల్పి స్వయముగా కల్పించినదని నిర్ణయించి, సుంకము రద్దు చేసినది.

ఆ పక్షి మన దేశమునకు కూడ ఎగిరి రావలసి యుండెను. ఇండోర్ సంస్థానాధిపతి యశ్వంతరావు హోల్కర్ పారిస్‌లో బ్రాంకూషి పనిశాలను దర్శించి, మూడు పక్షులను కొనెను. ఒకటి కంచుది, ఒకటి తెల్లని పాలరాతిది, ఒకటి నల్లరాతిది. ఇండోర్‌లో ధ్యానమందిరమును కట్టించి వాటిని అందు నిలుపవలెనని మహారాజు సంకల్పించెను. శిల్పి ఉత్సాహముతో నమూనాలు యోచించెను. మూడు మీటరుల ఎత్తుగల ఓకు విగ్రహమొకటి, మొదట బుద్ధుని పేరుతోను తరువాత రాజాధిరాజు అను పేరుతోను పిలువబడినది, ఈ మందిరము కొరకే ఉద్దేశింపబడినదని కొందరు తలంతురు. 1937 చివరను బ్రాంకూషి ఓడనెక్కి భారతదేశమునకు వచ్చెను. కాని పని ముందునకు సాగలేదు. కొలది వారములుండి, 1938 ఆరంభమున అతడు వట్టిచేతులతో వెడలిపోయెను. మందిరము ఏనాటికిని లేవలేదు. రెండు రాతిపక్షులును 1973లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాల వారి సొత్తైనవి. కంచుపక్షి అమెరికాకు చేరినది. అనుకొన్నట్లు జరిగియున్నచో మన విద్యార్థులు ఇండోర్‌కు రైలెక్కి పోయి వాటిని చూచియుందురు.

ఇండోర్‌లో కానిది స్వగ్రామపు చెంత అయినది. మొదటి ప్రపంచయుద్ధములో, 1916లో, తిర్గూజియు పట్టణమును కాపాడుచు మరణించినవారి స్మృతికై అచ్చటి స్త్రీల సంఘమువారు ఒక చిహ్నమును కోరిరి. తొమ్మిదేండ్ల వయస్సున కూలికి కుదిరిన పట్టణమే అది! బ్రాంకూషి ప్రతిఫలము తీసికొనలేదు. నది యొడ్డున పండ్రెండు పీటలు చుట్టిన ఒక రాతిబల్లను, ఉద్యానద్వారమున రాతితోరణమును, ఊరి మరియొక కొసన అంతులేని స్తంభమును కల్పించెను. స్తంభపు పూసను ముందుగా తానే కొయ్యలో చెక్కి ఇచ్చెను. దానినిబట్టి ఇనుప పూసలను పోతపోసిరి. పూస నడుమ వెడల్పు 90 సెంటీమీటరులు, కొసలలో అందులో సగము, ఎత్తు అందుకు రెండింతలు. 15 నిండు పూసలును, క్రింద ఒక తెగిన పూసయు, పైన ఒక అరపూసయు కలిసి స్తంభము 29 మీటరులు దాటినది. ఆ అరపూసయే కిటుకు. ముగింపు లేకుండ తెగినందున, కన్ను దానిని దాటి ఆకాశములోనికి పోవును. 1938 అక్టోబరు 27వ తేదీన ఇవి ప్రజలకు అంకితమైనవి.

1950 దశకములో ఆ ఊరి అధికారులు ఈ స్తంభము పనికిమాలిన ఇనుమని తలచి, ట్రాక్టరు కట్టి లాగించిరి. అది పడలేదు. ఇనుప పూసల నడుమ ఉక్కు వెన్నెముక యొకటి కలదు. 2024 జూలైలో ఈ శిల్పసముదాయమును ప్రపంచ వారసత్వ సంపదగా యునెస్కో గుర్తించినది. ఆ నిర్ణయము జరిగిన సభ మన న్యూఢిల్లీలోనే సమావేశమైనది.

రెండవ ప్రపంచయుద్ధము తరువాత బ్రాంకూషి క్రొత్త శిల్పములు దాదాపు చేయలేదు. ఉన్నవాటిని జరుపుచు, తుడుచుచు, ఏ శిల్పము ప్రక్కన ఏది నిలువవలెనో చూచుకొనుచు కాలము గడపెను. ఒకటి అమ్ముడుపోయినచో, ఆ చోటు చెడకుండ దాని ప్రతిని పోతపోసి అచ్చట నిలుపుచుండెను. 1952లో ఫ్రాన్సు పౌరసత్వము పొందెను. 1956లో మరణశాసనము వ్రాసి, శిల్పములు, పీటలు, పనిముట్లు సహితముగా పనిశాలనంతయు ఆ దేశ ప్రభుత్వమునకు ఒసగెను. అన్నిటిని తానుంచిన తీరుననే నిలుపవలెనని అతడు విధించిన షరతు. 1957 మార్చి 16వ తేదీన, 81వ యేట, పారిస్‌లో కన్నుమూసెను. ఆ సందు తరువాత కూలినది. పనిశాలను మాత్రము వేరొకచోట, పాంపిడూ కేంద్రము నెదుట, 1997లో రెంజో పియానో అను వాస్తుశిల్పి మరల కట్టెను. అందు పాత ఓకు దూలములు, పీఠములు, స్తంభములు అతడుంచిన తీరుననే నిలుపబడినవి. ఒక గోడకు రంపములు, సుత్తులు, ఉలులు, ఆకురాళ్లు వరుసగా వ్రేలాడుచుండెడివి.